రెండో వైపు పాట: ‘బ్లాక్ వాటర్’ నంబర్ వన్ ఎలా అయింది, అందులోని నది ఏది

క్లుప్తంగా: డూబీ బ్రదర్స్ బ్యాండ్ 1974లో విడుదల చేసిన ‘బ్లాక్ వాటర్’ ముందు ఓ సింగిల్ రికార్డుకు (ఒక్కో వైపు ఒక్కో పాట ఉండే చిన్న రికార్డు) రెండో వైపు పాటగా వచ్చింది. ఏడాది తిరిగేసరికి అమెరికాలో నంబర్ వన్ అయింది. కంపెనీ ప్లాన్ కన్నా ఓ చిన్న ఊరి రేడియో స్టేషన్ నిర్ణయమే దానికి ఎక్కువ కారణం. పాటలో కనిపించే ప్రశాంతమైన మిసిసిపికీ, ఆ రోజుల్లో నిజంగా పారిన మిసిసిపికీ చాలా తేడా ఉంది. పాట అంతమందికి నచ్చడానికి ఆ తేడా కూడా ఒక కారణమే.

డూబీ బ్రదర్స్ పేరు ఈమధ్య మళ్లీ వినిపిస్తోంది. 2025 జూన్‌లో ‘వాక్ దిస్ రోడ్’ అనే కొత్త ఆల్బమ్ వచ్చింది. అదే నెలలో టామ్ జాన్‌స్టన్, ప్యాట్రిక్ సిమన్స్, మైఖేల్ మెక్‌డొనాల్డ్ ముగ్గురికీ అమెరికాలోని సాంగ్‌రైటర్స్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. దాంతో పాత పాటలు కొత్త వినేవాళ్లకు చేరుతున్నాయి, వాటితోపాటు కొంత గందరగోళం కూడా. 70ల చివర వచ్చిన నున్నటి, మెత్తటి పాటలకు తర్వాతెప్పుడో ‘యాట్ రాక్’ (యాట్ అంటే విలాస పడవ) అనే పేరు తగిలించారు. డూబీ బ్రదర్స్‌ని ఆ గాటన కట్టేయడం మామూలైపోయింది. ‘బ్లాక్ వాటర్’ కూడా మెత్తగానే ఉంటుంది, అందులోనూ నీళ్లున్నాయి కాబట్టి దీన్నీ అందులోకే నెట్టేస్తున్నారు. పాడింది మెక్‌డొనాల్డ్ అనుకునేవాళ్లూ ఉన్నారు. ఆయన బ్యాండ్‌లో అడుగుపెట్టేసరికే ఈ పాట చార్టుల్లో పైకెక్కి దిగిపోయింది కూడా.

ఈ పాట రాసిందీ, పాడిందీ ప్యాట్రిక్ సిమన్స్.

గిటార్ ముక్క నుంచి పాట దాకా

డూబీ బ్రదర్స్ 1970లో కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో మొదలైన బ్యాండ్. శాంటా క్రజ్ కొండల్లోని చిన్న క్లబ్బుల్లో వాయించే రోజుల్లో వాళ్ల ముందు కూర్చున్న జనంలో హెల్స్ ఏంజెల్స్ బైకర్లు కూడా ఉండేవారు. గట్టిగా వాయించే ఎలక్ట్రిక్ గిటార్, ఇద్దరు డ్రమ్మర్లు, ముందు నిలబడి పాడే జాన్‌స్టన్. 1972, 73ల్లో బ్యాండ్‌కు పేరు తెచ్చిన పాటలు చాలావరకు ఈ మూసలోవే. సిమన్స్ తీరు వేరు. వేళ్లతో తీగలు మీటుతూ వాయించే జానపద, బ్లూస్ పద్ధతి ఆయనది. ఆల్బమ్‌లలో ఆయన పాటలు ఒకటో రెండో ఉండేవి. రేడియోకి వెళ్లేవి మాత్రం ఎక్కువగా జాన్‌స్టన్‌వే.

‘బ్లాక్ వాటర్’ మొదలైంది ఒక చిన్న గిటార్ ముక్కతో. ఒక రికార్డింగ్ మధ్యలో సిమన్స్ ఊరికే దాన్ని వాయించుకుంటుంటే ప్రొడ్యూసర్ టెడ్ టెంపుల్‌మన్ చెవిన పడింది. దాన్ని పాటగా చెయ్యమని ఆయనే చెప్పారు. మాటలు దొరకడానికి మాత్రం సిమన్స్ న్యూ ఓర్లీన్స్ వెళ్లాల్సి వచ్చింది. చిన్నప్పుడు చదివిన మార్క్ ట్వేన్ నవలలు అప్పటికే ఆయన మనసులో ఉన్నాయి. వాటికి ఊరు తోడైంది. రెండో చరణం పుట్టిన సందర్భం సిమన్సే ఇంటర్వ్యూల్లో చెప్పారు. ఆయన బట్టలు ఉతుక్కోవడానికి స్ట్రీట్‌కార్ (ట్రామ్) ఎక్కి గార్డెన్ డిస్ట్రిక్ట్ మీదుగా వెళుతున్నారు. ఎండ కాస్తూనే వాన పడుతోంది. వాన పడితే పడనీ, నేను స్ట్రీట్‌కార్ ఎక్కి అప్‌టౌన్ వెళతాననే అర్థంలో సాగే ఆ చరణం అలా వచ్చింది.

ఆ స్ట్రీట్‌కార్ ఏదో కూడా పట్టుకోవచ్చు. న్యూ ఓర్లీన్స్‌లో ఒకప్పుడు చాలా లైన్లు ఉండేవి. కెనాల్ స్ట్రీట్ లైన్‌ని 1964లో ఎత్తేశాక 1970లలో నడిచింది సెయింట్ చార్లెస్ అవెన్యూ లైన్ ఒక్కటే. 1835లో మొదలైన ఆ లైన్‌ని 1973లో జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు. అంటే సిమన్స్ ఎక్కింది ఊరివాళ్లు రోజూ పనికెళ్లే బండే అయినా, అదే సమయంలో ప్రభుత్వం ‘ఇది కాపాడుకోవాల్సిన పాత వస్తువు’ అని ముద్ర వేసిన బండి కూడా. ఈ పాటలోని చాలా వస్తువులది ఇదే పరిస్థితి.

చెవికి ఏం వినిపిస్తుంది

రికార్డింగ్‌లో ఉన్నది తక్కువే. గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగనీ, అన్నిటికన్నా సన్న తీగనీ మామూలు శ్రుతి కన్నా ఒక స్వరం కిందికి, రెండూ ‘డి’కి దించుతారు. దానివల్ల పైనా కిందా ఒకే స్వరం మోగుతూ ఉంటుంది, మధ్యలో వేళ్లు తిరుగుతుంటాయి. చరణంలో పాట ఎక్కువసేపు ఒకేచోట తిరుగుతున్నట్టు అనిపించేది అందుకే. రాక్ పాటల్లో మామూలుగా గిటార్ సోలో వచ్చే చోట ఇక్కడ నోవి నోవోగ్ వాయించిన వయోలా వస్తుంది. జానపద ఫిడేల్ పద్ధతిలో వాయించినా, వయోలా కాబట్టి నాదం కాస్త బరువుగా, గరుగ్గా ఉంటుంది.

అసలు మలుపు చివర్లో ఉంది. వాయిద్యాలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. మిగిలేవి గొంతులే. ఒక గొంతు తనకు డిక్సీల్యాండ్ సంగీతం వినాలనుందని పాడుతుంటే, ఇంకోటి చెయ్యి పట్టుకోమని అందుకుంటుంది, మూడోది రాత్రంతా ఆడదామంటుంది. మూడూ ఒకదాని మీద ఒకటి పడుతూ చుట్లు తిరుగుతాయి. ఆ తర్వాత వాయిద్యాలు మళ్లీ వచ్చి కలుస్తాయి. టెంపుల్‌మన్ ప్రొడ్యూసర్ కాకముందు హార్పర్స్ బిజార్ అనే గాన బృందంలో సభ్యుడు. గొంతుల్ని పొరలు పొరలుగా పేర్చడం ఆ బృందం ప్రత్యేకత. బైకర్ల బ్యాండ్ చేత ఇలాంటి భాగం పాడించాలన్న ధైర్యం అక్కడి నుంచే వచ్చిందనుకోవచ్చు.

నది ఆ ఏడాది ఎలా ఉంది

పాటలో తెప్ప సిద్ధంగా ఉంటుంది, క్యాట్‌ఫిష్‌లు ఎగురుతుంటాయి, ఆవిరి పడవ చక్రం దబదబ కొడుతుంటుంది, నల్లటి నీళ్లు ఎప్పటిలాగే పారుతుంటాయి. నది తనంతట తాను, ఎవరి ప్రమేయం లేకుండా సాగిపోతుందన్నది ఈ పాటకు పునాది.

1973లో మాత్రం మిసిసిపి ఎప్పటిలాగా లేదు. ఆ వసంతంలో వచ్చిన వరద 1927 నాటి మహా వరద తర్వాతి పెద్ద వరదల్లో ఒకటి. లూసియానాలో ఓల్డ్ రివర్ అనే చోట మిసిసిపి నీటిలో కొంత అచాఫలాయా అనే నదిలోకి మళ్లుతుంది. అక్కడి నుంచి సముద్రానికి అచాఫలాయా దారి మిసిసిపి దారిలో దాదాపు సగమే. నీరు దగ్గర దారినే వెతుక్కుంటుంది. అలా వదిలేస్తే నది మొత్తం అటే తిరిగిపోయి బాటన్ రూజ్, న్యూ ఓర్లీన్స్ రేవుల దగ్గర మంచినీరు తగ్గిపోతుందని ఇంజినీర్లు 1950ల్లోనే లెక్కగట్టారు. అందుకే అటు వెళ్లే వాటాను 30 శాతం దగ్గర నిలిపేలా అమెరికా ఆర్మీ ఇంజినీర్ల విభాగం నియంత్రణ కట్టడం కట్టింది. అది 1963 నుంచి పనిచేస్తోంది. 1973 వరదలో ఆ కట్టడం పక్క గోడ ఒకటి కూలింది. ప్రవాహం అడుగున మట్టిని తవ్వేసి పెద్ద గుంత చేసింది. అదనపు నీటిని వదిలే మోర్గాంజా స్పిల్‌వే గేట్లు కట్టాక మొదటిసారి ఎత్తింది కూడా అప్పుడే. కట్టడం మొత్తంగా నిలబడింది కానీ అదనంగా ఇంకో కట్టడం అవసరమని తేలింది. అది 1986లో పూర్తయింది.

‘బ్లాక్ వాటర్’ ఉన్న ఆల్బమ్ 1974 ఫిబ్రవరిలో వచ్చింది. అంటే ‘నల్ల నీరు ఎప్పటిలాగే పారుతోంది’ అనే పాట, నది దారి మార్చుకోకుండా కాంక్రీటుతో, గేట్లతో ఆపిన మరుసటి ఏడాది జనంలోకి వెళ్లింది. ఇది సిమన్స్ తప్పేమీ కాదు. ఆయన రాసింది నది మీద నివేదిక కాదు. కానీ పాటను ‘మిసిసిపి జీవితం’ అని చెప్పేటప్పుడు ఏ మిసిసిపి అన్నది గుర్తుండాలి.

ఆవిరి పడవ సంగతీ అంతే. 1970ల నాటికి మిసిసిపి మీద సరుకు తరలించేవి డీజిల్ టోబోట్లు. ధాన్యం, బొగ్గు, చమురు నింపిన బార్జ్‌లను వరసలుగా కట్టి నెట్టుకుపోతాయి. చక్రాల పడవలు పర్యాటకుల కోసం మిగిలినవి. వాటిలో పేరున్న డెల్టా క్వీన్ 1966 నాటి నౌకా భద్రత చట్టం దెబ్బకు ఆగిపోయేది. అమెరికన్ కాంగ్రెస్ మినహాయింపులు ఇస్తూ వచ్చింది కాబట్టి నడిచింది. న్యూ ఓర్లీన్స్‌లో ఇప్పుడు సందర్శకులు ఎక్కే నాచెజ్ పడవ 1975లో దిగింది, పాట నంబర్ వన్ అయిన ఏడాదే. చక్రం చప్పుడు అప్పటికే టికెట్ కొని వినే చప్పుడు.

నీటి రంగు మాటకొస్తే, మిసిసిపి నల్లగా ఉండే నది కాదు. వరద గోదావరి ఎర్రనీరు ఎలా ఉంటుందో దానికి కాస్త అటూ ఇటూగా బురద రంగులో ఉంటుంది. మిసౌరీ నది తెచ్చే ఒండ్రే దానికి ముఖ్య కారణం. నిజంగా నల్లగా కనిపించే నదులు వేరు. అవి చిత్తడి అడవుల గుండా మెల్లగా పారతాయి. రాలిన ఆకులు కుళ్లి టానిన్లు నీటిలోకి దిగుతాయి, ఒండ్రు ఉండదు, నీరు డికాక్షన్ రంగులో తేటగా ఉంటుంది. ఫ్లోరిడా వైపు పారే సువానీ, అమెజాన్‌లో కలిసే రియో నెగ్రో అలాంటివి. పాటలోని నలుపు వెన్నెల రాత్రి నలుపు.

అదే నది మీద ఇంకో మూడు పాటలు

ఇలా పోల్చి చూస్తే ‘బ్లాక్ వాటర్’ ఏం ఎంచుకుందో, ఏం వదిలేసిందో బాగా తెలుస్తుంది.

మొదటిది ‘ఓల్ మ్యాన్ రివర్’. 1927 డిసెంబర్‌లో బ్రాడ్‌వే మీదికి వచ్చిన ‘షో బోట్’ నాటకంలోది. కొన్ని నెలల ముందే మహా వరద వచ్చింది. బరువులు మోసే నల్లజాతి కూలీ నోటి పాట అది. మా నడుములు విరుగుతున్నా నదికి పట్టదు, పారుతూనే ఉంటుంది అంటుంది. నల్లజాతి గాయకుడు పాల్ రోబ్సన్ దాన్ని ప్రపంచమంతా పాడి, తర్వాత్తర్వాత మాటలు మార్చి నిట్టూర్పును పోరాటం చేశారు. కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుకునే రోజుల్లో రోబ్సన్‌ను కలిసిన అస్సామీ గాయకుడు భూపేన్ హజారికా ఆ స్ఫూర్తితోనే నదిని నిలదీసే పాట కట్టారు. మనవాళ్లలో చాలామందికి అది ‘గంగా బహతీ హో క్యోఁ’ అనే హిందీ రూపంలో తెలుసు. అక్కడ కూడా నది ఎప్పటిలాగే పారుతుంది, కానీ అది ఫిర్యాదు. సిమన్స్ పాటలో అదే సంగతి ఊరట.

రెండోది 1969లో వచ్చిన ‘ప్రౌడ్ మేరీ’. క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ కూడా ఉత్తర కాలిఫోర్నియా బ్యాండే. ఇందులో మనిషి ఊళ్లో ఉద్యోగం వదిలేసి నది మీదికి వస్తాడు. పనికీ నదికీ మధ్య గీత గీసి చూపిస్తుంది. చార్టులో రెండో స్థానం దాకా వెళ్లింది. ‘బ్లాక్ వాటర్’లో ఆ గీత కూడా లేదు. వదిలి వచ్చిన జీవితం అనేదే కనిపించదు.

మూడోది చాలామంది ఈ పాట పక్కన పెట్టి చూడనిది. రాండీ న్యూమన్ ‘లూసియానా 1927’. వచ్చింది 1974లోనే, అదీ డూబీ బ్రదర్స్ రికార్డులు తెచ్చే వార్నర్ సంస్థకే చెందిన రిప్రైజ్ లేబుల్ మీద. న్యూమన్ లాస్ ఏంజెలెస్ మనిషి, చిన్నతనంలో కొంతకాలం న్యూ ఓర్లీన్స్‌లో గడిపారు. పాట వరద గురించి. ఊళ్లు మునగడం, ప్రభుత్వం వచ్చి చూసి పోవడం. ఒకే కంపెనీ గూట్లోంచి, ఒకే ఏడాది, ఒకే నది మీద రెండు పాటలు వచ్చాయి. నదిని హాయిగా చూపించింది నంబర్ వన్ అయింది. భయంగా చూపించింది చార్టుల్లో ఎక్కడికీ చేరలేదు. 2005లో కత్రినా తుఫాను తర్వాత మాత్రం జనం వెతుక్కుని పాడుకున్నది రెండోదాన్నే.

ట్వేన్ నవలలో తెప్ప కూడా ఇంత తేలిక కాదు. హకిల్‌బెరీ ఫిన్‌తో తెప్ప మీద ఉన్న జిమ్ బానిసత్వం నుంచి పారిపోతున్నవాడు. నది వాళ్లను ఇంకా లోతైన దక్షిణాదిలోకే తీసుకుపోతుంటుంది. సిమన్స్ తెప్పను తీసుకుని ఆ బరువును వదిలేశారు. పాట తేలడానికి అది అవసరమే కావచ్చు. అయితే ‘డిక్సీల్యాండ్’ లాంటి మాట విషయంలో ఆ బరువు తర్వాత తిరిగొచ్చింది. ఇక్కడ దానికి న్యూ ఓర్లీన్స్ పాత జాజ్ అనే అర్థమే ఉన్నా, ‘డిక్సీ’ అంటే బానిసత్వం నాటి దక్షిణాది కూడా. 2020లో డిక్సీ చిక్స్ బృందం తన పేరులోంచి ఆ ముక్క తీసేసింది.

రెండో వైపు నుంచి

ఇక పాట ప్రయాణం. 1974లో కంపెనీ ఆల్బమ్ నుంచి మొదటి సింగిల్‌గా ఎంచింది జాన్‌స్టన్ పాట ‘అనదర్ పార్క్, అనదర్ సండే’. దాని రెండో వైపు ‘బ్లాక్ వాటర్’ పెట్టారు. మొదటి పాటలో రేడియో తనను దిగాలు చేస్తోందన్న మాట ఉంది. అది కొన్ని స్టేషన్లకు నచ్చక వెయ్యడం మానేశాయి. పాట 32వ స్థానం దగ్గర ఆగింది. తర్వాత ‘ఐస్ ఆఫ్ సిల్వర్’ వదిలారు, 52. ఆ తర్వాత 1971 నాటి తొలి ఆల్బమ్‌లోంచి ‘నోబడీ’ని బయటికి తీశారు, 58. మూడుసార్లు గురి పెట్టినా ‘బ్లాక్ వాటర్’ వైపు మాత్రం చూడలేదు.

ఈలోపు వర్జీనియాలోని రోనోక్‌లో ఒక స్టేషన్ రికార్డు తిరగేసి రెండో వైపు వెయ్యడం మొదలుపెట్టింది. రోనోక్ కొండల మధ్య ఊరు, మిసిసిపికి వందల మైళ్ల దూరం. కానీ ఆ చుట్టుపక్కల బ్లాక్‌వాటర్ పేరుతో ఓ నది ఉంది, రోనోక్ నదికి ఉపనది. పేరు తమదే అనిపిస్తే ఊరివాళ్లు పాటను సొంతం చేసుకోవడం సహజం. రోనోక్ చూసి మినియాపొలిస్‌లో ఒక స్టేషన్ అందుకుందని సిమన్స్ చెప్పారు. ఆ ఊరు నిజంగానే మిసిసిపి ఒడ్డున ఉంది. కాకపోతే పాటలోని ఊరికి పూర్తిగా అవతలి కొసన.

ఇది కేవలం అదృష్టం కాదు, అప్పటి వ్యవస్థలో దీనికి దారి ఉంది. ఒక యజమాని దేశం మొత్తం మీద ఏడు ఏఎమ్, ఏడు ఎఫ్ఎమ్ స్టేషన్లకు మించి ఉంచుకోకూడదన్న నిబంధన అప్పట్లో ఉండేది. కాబట్టి ఏ పాట వెయ్యాలన్నది చాలావరకు ఊరి స్టేషన్‌లోనే తేలేది. ఒక ఊళ్లో ఫోన్లు ఎక్కువ వస్తే, షాపుల్లో రికార్డు కదిలితే, ఆ కబురు కంపెనీ ప్రమోషన్ మనుషులకూ, పరిశ్రమ పత్రికలకూ చేరేది. పక్క ఊరి స్టేషన్ చూసి అనుసరించేది. అమెరికా పాటల ప్రధాన చార్టు బిల్‌బోర్డ్ హాట్ 100 లెక్క కూడా షాపులూ స్టేషన్లూ ఇచ్చే సమాచారం మీదే ఉండేది. అందుకే కింది నుంచి వచ్చిన కదలిక చార్టులో కనిపించేది. 1974 చివర్లో కంపెనీ ‘బ్లాక్ వాటర్’ని మొదటి వైపుకి మార్చి మళ్లీ విడుదల చేసింది. 1975 మార్చి 15 వారంలో అది నంబర్ వన్.

డబ్బు కోణం ఒకటుంది. 1909 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డు మీది ఒక్కో పాటకు రచన హక్కు కింద చట్టం పెట్టిన రేటు రెండు సెంట్లు. 1978 దాకా అదే నడిచింది. మొదటి వైపు అయినా రెండో వైపు అయినా అంతే. కాబట్టి రెండో వైపు పాట రాసినవాడికి అమ్మకాల్లో వాటా ఎలాగూ ఉంటుంది. రేడియోలో పాట మోగితే వచ్చే రాయల్టీ మాత్రం వేరు. అది ఏ పాట వేస్తే ఆ రచయితకే. అమెరికాలో మామూలు రేడియో పాడినవాళ్లకు అప్పుడూ ఇప్పుడూ ఏమీ ఇవ్వదు. రికార్డు తిరగేయడమంటే ఆ డబ్బు ఒక సభ్యుడి నుంచి ఇంకో సభ్యుడి వైపు మళ్లడం కూడా.

కాలం కూడా కలిసొచ్చింది. ముందు వారం నంబర్ వన్ ఒలీవియా న్యూటన్-జాన్ ‘హ్యావ్ యూ నెవర్ బీన్ మెలో’, దాని ముందు వారం ఈగల్స్ ‘బెస్ట్ ఆఫ్ మై లవ్’. చార్టు అప్పటికే మెత్తబడి ఉంది. ఇంకో రెండు వారాలకు ‘లేడీ మార్మలేడ్’ వచ్చింది. అది న్యూ ఓర్లీన్స్ కథ, ప్రొడ్యూసర్ అలెన్ టూసాంట్ ఆ ఊళ్లోనే రికార్డు చేయించిన పాట. ఊరి లోపలి నుంచి వచ్చిన ఆ పాటలో నదీ లేదు, పడవా లేదు.

బ్యాండ్‌లో ఏం మారింది

జాన్‌స్టన్ గొంతు లేకుండా కూడా డూబీ బ్రదర్స్‌కు హిట్ వస్తుందని ఈ పాట చూపించింది. అది వెంటనే అక్కరకొచ్చింది. 1975లోనే కడుపులో పుండ్ల వల్ల జాన్‌స్టన్ టూర్ మధ్యలో తప్పుకోవాల్సి వచ్చింది. అప్పటికే చేరి ఉన్న జెఫ్ బ్యాక్స్టర్ సలహా మీద, తనలాగే స్టీలీ డ్యాన్ అనే బ్యాండ్‌తో పనిచేసిన మెక్‌డొనాల్డ్‌ను పిలిపించారు. కీబోర్డు ముందుకొచ్చింది, గిటార్ వెనక్కి వెళ్లింది. 1979లో ‘వాట్ ఎ ఫూల్ బిలీవ్స్’తో బ్యాండ్‌కు రెండో నంబర్ వన్ వచ్చింది. యాట్ రాక్ అనే ముద్ర నిజంగా సరిపోయేది ఈ దశకే. ‘బ్లాక్ వాటర్’ మూలాలు ఆకూస్టిక్ గిటార్‌లో, జానపద ఫిడేల్ పద్ధతిలో ఉన్నాయి. మెక్‌డొనాల్డ్ పాటల మూలాలు ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్)లో. రెండూ మెత్తగా ఉన్నంత మాత్రాన ఒకటి కావు.

రోనోక్‌లో జరిగింది ఇప్పుడు జరుగుతుందా అంటే, రేడియోలో కష్టం. 1996 టెలికమ్యూనికేషన్స్ చట్టం స్టేషన్ల సంఖ్య మీద దేశవ్యాప్త పరిమితి ఎత్తేశాక వందల స్టేషన్లు ఒక్కో కంపెనీ చేతికి వెళ్లాయి. పాటల జాబితా చాలాచోట్ల కేంద్ర కార్యాలయంలో తయారవుతుంది. రోనోక్ స్టేషన్ చేసినలాంటి పని ఇప్పుడు ఇంటర్నెట్‌లో జరుగుతోంది. 2020లో స్కేట్‌బోర్డ్ మీద వెళ్లే మనిషి టిక్‌టాక్ వీడియో ఒకటి ఫ్లీట్‌వుడ్ మ్యాక్ 1977 నాటి ‘డ్రీమ్స్’ని మళ్లీ చార్టుల్లోకి తెచ్చింది. కాకపోతే తిరగేయడానికి ఇప్పుడు రెండో వైపంటూ లేదు. మొత్తం ఆల్బమ్ మొదటి రోజు నుంచే అందరి ఫోన్లలో ఉంటుంది. సింగిల్ ఏదో కంపెనీ ముందే తేల్చుకోవాల్సిన అవసరమూ అంతమేరకు తగ్గింది.